రీలు లేని కెమెరా

దయ్యాలనీ మహిమలనీ నేనెప్పుడూ నమ్మలేదు. బీయస్సీలో ఫిజిక్స్ చదివాను. సెకండ్ క్లాసులో పాసయ్యాను కాబట్టి నా అపనమ్మకం కూడా ఆ స్థాయిదే కావచ్చు. ఇప్పుడు చెప్పబోయే సంగతి మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు. భయపడి కాదు, సిగ్గుపడి.

తొంభైల నాటి మాట. పటాన్‌చెరులో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. అన్నం పెట్టేవి పెళ్లిళ్లు. ఇష్టం మాత్రం గుట్టలూ చెట్లూ నీళ్లూ తీయడం. అవి ఫోటోలో కళ్లు మూయవు, కాపీలు అడగవు. ఒకసారి జిన్నారం వైపున్న ఒక మందుల ఫ్యాక్టరీ మేనేజరు, తమ క్యాలెండరుకు చుట్టుపక్కల ప్రకృతి దృశ్యాలు కావాలన్నాడు. పన్నెండు నెలలకు సరిపడా ప్రకృతి అక్కడ మిగిలి ఉందా అని నేను అడగలేదు.

ఫ్యాక్టరీ వెనక ఒక కుంట ఉంది. ఫ్యాక్టరీ నీళ్లు అందులోకే పోయేవి. మధ్యాహ్నం చూస్తే కషాయం. పొద్దు పొడిచేటప్పుడు మాత్రం కరిగించిన బంగారం. ఆ పావుగంట కోసం చలిలో స్టాండు మీద కెమెరా బిగించి కూర్చునేవాణ్ణి. ఆరుబయట ఫోటో అంటే వెలుగు కోసం కాచుకోవడమేనని అందరికీ చెప్పేవాణ్ణి. మిగతా సగం పని, కనబడకూడనివాటిని ఫ్రేము బయట ఉంచడం. అది చెప్పేవాణ్ణి కాదు.

మా వృత్తిలో ఇంకో అలవాటుంది. మెడలో పాత కెమెరా ఒకటి, రీలు లేకుండా, వేలాడుతూ ఉంటుంది. "మాదొకటి తీయండి" అని వెంటపడేవాళ్ల కోసం. టక్కుమని నొక్కితే వాళ్లకు తృప్తి, మనకు రీలు మిగులు.

ఆ పొద్దున నర్సమ్మ అనే ఆవిడ కుంట గట్టెక్కి నా దగ్గరకొచ్చింది. గట్టు కింద ఆమె బర్రె చచ్చి పడి ఉంది.

“సారూ, జెర మా బర్రెను తియ్యిండ్రి. నిన్న గీ నీళ్లు తాగింది, తెల్లారెవర్కు గిట్లయింది. సంగారెడ్డిల అర్జీ పెడ్త. ఎండెక్కితె పూడ్సాలె. ఇగ ఫోటో లేకుంటె నన్ను ఎవలు నమ్ముతరు?”

వెలుగు పోతుందమ్మా, అన్నాను.

“నీళ్లనైతె గన్నిసార్లు తీస్తిరి. అవి యాడికన్న పోతయా?”

కిందికి దిగి మెడలోని పాత కెమెరా ఎత్తాను. ఆమె కొంగు సర్దుకుని, చచ్చిన బర్రె మెడతాడు చేత్తో పట్టుకుని నిటారుగా నిలబడింది. నొక్కాను. వారం తర్వాత స్టూడియోకి రమ్మన్నాను.

స్టాండు మీది కెమెరాలో రీలును హైదరాబాదు ల్యాబులో కడిగించాను. పదమూడోది కుంట. పదిహేనోది కుంట. పద్నాలుగోది నర్సమ్మ. కొంగు, తాడు, మూతపడని బర్రె కన్ను, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఆమె వెనక గట్టు మీద స్టాండు, దానిమీద నా కెమెరా. ఆ రీలు ఉన్నది ఆ కెమెరాలోనే.

అక్కడ అద్దం లేదు. మూడో మనిషి లేడు. పాత కెమెరా తెరిచి చూశాను, ఖాళీ. నా ఫిజిక్స్ అంతా మూడు రోజులు తిరగేశాను. అది నాకు ఇదివరకు కూడా పెద్దగా సాయపడలేదు.

చెప్పిన రోజుకే నర్సమ్మ వచ్చింది. ఫోటో నా సొరుగులో ఉంది. అది అర్జీతో పోతే తీసిందెవరని అడుగుతారు. వచ్చే ఏడు క్యాలెండరు ఇంకొకరి చేతికి పోతుంది. రాలేదమ్మా, పాడైపోయింది, అన్నాను.

“మీరేం జేస్తరు సారూ. ఎండ సరిగ్గ పడలేదేమొ,” అని నన్నే ఓదార్చింది.

ఆ ఫోటోలో పడినంత మంచి వెలుగు నాకు మళ్లీ దొరకలేదు.

కొత్త సంవత్సరంలో రేషన్ కార్డు ఫోటోకని మళ్లీ వచ్చింది. గోడకు క్యాలెండరు వేలాడుతోంది. దగ్గరికెళ్లి చూసింది.

“గిది మా కుంటనే గదా. నీళ్లు మంచిగొచ్చినయి.”

అర్జీ ఏమైందని అడిగాను.

“ఫోటో తెమ్మన్నరు,” అని కుర్చీలో కూర్చుని కొంగు సర్దుకుంది.

రీలు ఉందో లేదో రెండుసార్లు చూసుకుని తీశాను. సొరుగు ఆమెకు మూరెడు దూరంలో ఉంది. తెరవలేదు.

ఆ పద్నాలుగో ఫోటో ఎలా వచ్చిందో నేనిప్పటికీ చెప్పలేను. రాలేదని ఆమె మొహం చూస్తూ ఎలా అనగలిగానో, అదీ చెప్పలేను.