క్రేన్ బావ, ఆరు ఆదివారాలు

మా బావ టవర్ క్రేన్ నడుపుతాడు. నేను కింద నిలబడి చేతులతో సైగలు చేస్తాను. బరువు ఎక్కడ ఆపాలో, ఎంత దించాలో ఆయనకు నా చేతులే చెప్పాలి. ఇరవై రెండేళ్లుగా ఇదే మా కాపురం. తనతో కన్నా నాతోనే ఆయన ఎక్కువ కాలం గడిపాడని మా అక్క ఇప్పటికీ దెప్పుతుంది.

ఈ ఏడాది వైద్య పరీక్షలో బావ రక్తపోటు నూట అరవై ఎనిమిది చూపించింది. నూట నలభై దాటితే కంపెనీ క్యాబిన్ ఎక్కనివ్వదు, కింద సైగలూ చెయ్యనివ్వదు. డాక్టరు మాత్రలు రాసిచ్చి, ఆరు వారాలు గడువు పెట్టి, ఆదివారాలు అడవి స్నానానికి వెళ్లమన్నాడు. "మాత్రలకి బదులు కాదు, మాత్రలతో పాటు," అని రెండుసార్లు చెప్పాడు. ఈసారి కూడా తప్పితే బావని స్టోర్‌రూములో కూర్చోబెడతారు. పైనుంచి ఊరంతా చూసిన మనిషి ఆ కిటికీ లేని గదిలో ఇమడలేడు. ఆ భయంతోనే నేనూ వెంట వెళ్లాను.

పేరుకి స్నానమేగాని నీళ్లూ లేవు, సబ్బూ లేదు. ఒక పెద్దావిడ, ఒకప్పటి నర్సు, పదిమందిని వెంటేసుకుని గంటన్నరలో అర కిలోమీటరు నడిపిస్తుంది. ఫోన్లు సంచిలో వేయించుకుంటుంది. ఆకు వాసన చూడమంటుంది, బెరడు తడమమంటుంది. ఆ నడకకి నా కాళ్లు ఊరుకునేవి కావు.

"ఇలా నడిస్తే మనసులో ఒత్తిడి తగ్గుతుంది, నిద్ర బాగా పడుతుంది. కొందరికి బీపీ కూడా దిగుతుంది," అందావిడ.

"ఎన్నాళ్లకి?" అన్నాను.

"తొందరపడేవాళ్లకి ఇంకొన్నాళ్లు ఎక్కువ పడుతుంది."

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

అసలు చిక్కు చెట్ల దగ్గర వచ్చింది. తలా ఒక చెట్టు కింద కూర్చుని ఇరవై నిమిషాలు ఊరికే ఉండాలి. బావ కూర్చోలేదు. వేలాడే బరువు కింద ఉండకూడదన్నది మా పనిలో మొదటి పాఠం. ఆయన కంటికి ప్రతి కొమ్మా వేలాడే బరువే. మూడు వారాలు ఎండలో నిలబడి, ఏ కొమ్మ ఎంత తూగుతుందో అంచనా వేశాడు. అక్క ఇంట్లో మిషన్ పెట్టి చూస్తే నూట అరవై ఒకటి. ఆ వారం నాకు అన్నం సహించలేదు.

నాలుగో ఆదివారం పెద్దావిడకి సంగతి చెప్పేశాను. "అయితే చెట్టేదో మీరే చూసుకోండి," అంది బావతో. ఆయన ఎండుకొమ్మ లేని చెట్టు వెతికి, కాండం తట్టి చూసి, దాని కింద కూర్చున్నాడు. అయినా మెడ క్షణానికోసారి పైకి లేస్తూనే ఉంది. నేను కాలు కాలిన పిల్లిలా చుట్టూ తిరిగాను. "ఊపిరి వదులు బావా" అని గొణుగుతుంటే పెద్దావిడ నోటి మీద వేలు పెట్టి చూపించింది.

మాట్లాడొద్దంటే ఇక నాకు మిగిలింది చేతులే. బావకి ఎదురుగా నిలబడి, రెండు చేతులూ పొట్ట ముందు కలిపి పట్టుకున్నాను. మా సైట్‌లో ఆ సైగకి అర్థం, అన్నీ ఉన్నచోటే ఆపెయ్యమని.

అది చూస్తే బావ ఆలోచించడు, ఆగిపోతాడు. భుజాలు దిగాయి. మెడ వాలింది. కాసేపటికి నోరు తెరుచుకుని నిద్రపోయాడు. నాకు దోమలు కుట్టాయి, ముక్కు దురద పెట్టింది, అయినా చేతులు విడవలేదు. విడిస్తే ఎక్కడ లేస్తాడోనని బెంగ. ఆ తర్వాతి రెండు ఆదివారాలూ అలాగే నిలబడ్డాను.

గడువు రోజున కంపెనీ క్లినిక్‌లో బావది నూట ముప్పై ఆరు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కకి ఫోన్ చెయ్యబోతుంటే డాక్టరు నన్ను కుర్చీలో కూర్చోమన్నాడు, నా పరీక్ష కూడా ఈ నెలలోనేనట. చేతికి పట్టీ చుట్టాడు. నూట డెబ్బై రెండు. మళ్లీ చుట్టినా అంతే.

"మీరూ ఆరు వారాలు అడవికి వెళ్లారు కదా?"

"వెళ్లానండి."

"అక్కడ ఏం చూశారు?"

ఒక్క చెట్టయినా గుర్తు రాలేదు. "మా బావని," అన్నాను.

బావ తన సర్టిఫికెట్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇంకెవడి సైగకీ నేను బరువెత్తను," అన్నాడు. "ఆదివారం నువ్వు కూర్చోరా. నేను నిలబడతా."