మావయ్య దిద్దిన గోడ

నేను బడిలో పిల్లల్ని ఆడిస్తున్నానే తప్ప పాఠం చెప్పడం లేదని మా ఇంట్లో అందరి నమ్మకం. నమ్మించింది మావయ్య. హిందీ మాట్లాడే ఈ ఊళ్ళో, టెల్కో ఫ్యాక్టరీ కాలనీలో నేను పనిచేసే బడిలోనే ఆయన సీనియర్ లెక్కల మాస్టారు.

ఈ రోజు ఏడో తరగతి రివిజన్. ఒక్కో జట్టునీ ఒక్కో లెక్క కావాలనే తప్పుగా చేసి గోడకు అంటించమన్నాను. ఆ తప్పెక్కడుందో, ఎందుకు తప్పో పక్క జట్టు చెప్పాలి. పిల్లలు దెబ్బలాడుకుంటూ మరీ వెతుకుతున్నారు. ఇంతలో మావయ్య వచ్చి, నన్నొక్క మాట అడక్కుండా ఎర్ర పెన్నుతో గోడ పొడవునా దిద్దుకుంటూ పోయాడు.

"ఏటే ఇది? పరీక్షల ముందు పిల్లల చేత తప్పులు రాయిత్తన్నావా? రేపట్నుంచి ఈ క్లాసు నాకొదిలీ!"

"సర్, ఏక్ గల్తీ రహ్ గయీ," ఇంకో తప్పు మిగిలిపోయిందంది వెనక బెంచీ పింకీ.

నిజమే. ఆయన ఠీవిగా టిక్కు పెట్టిన లెక్కలో మైనస్ గుర్తు ఎగిరిపోయి ఉంది. క్లాసంతా ఒకటే నవ్వు.

సాయంత్రం ఆ మహానుభావుడు మా అమ్మకు ఫోన్ చేసి క్లాసులో గోల గురించి చెప్పాడు, మైనస్ గురించి చెప్పలేదు. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి మేధావులుంటే కామెంట్లలో పరిచయం చెయ్యండి.

రేపు ఆ క్లాసు నేనే తీసుకుంటున్నాను.