మూడో అంతస్తులో మొరిగిన మనిషి

లోకంలో ఎక్కడ ఏ తప్పు జరిగినా అది తనే చేశానని ఒప్పేసుకునే మనిషి ఒకాయన మా ఎదురు ఫ్లాటులో ఉండేవారు. ఆయనకి అసలు పేరు లేకపోలేదు, గుమ్మం మీద రాసి కూడా ఉంది. కానీ ఆ పరాయి దేశంలో ఉన్న కాసిని తెలుగు కుటుంబాలవాళ్ళమూ ఆయన్ని 'నేనేగారు' అనే పిలుచుకునేవాళ్ళం. లిఫ్టు మధ్యలో ఆగిపోతే, "నేనేనండీ, బటన్ గట్టిగా నొక్కాను" అనేవారు. వీధి వీధంతా కరెంటు పోతే, "నేనే, ఇస్త్రీపెట్టె పెట్టాను" అనేవారు. లిఫ్టులో ఇరుక్కుని నిలబడ్డ జనానికి ఉన్నట్టుండి ముక్కులు ముడుచుకుపోయాయనుకోండి, ఒకరి వంక ఒకరు అనుమానంగా చూసుకునే లోపే ఆయన చెయ్యెత్తేసేవారు.

నేను ఆసుపత్రిలో నర్సుని. ఆయన అదే ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో పనిచేసేవారు. ఒకసారి మా వార్డులో గాజు తలుపు ఎవరో పగలగొట్టారు. సూపర్‌వైజరు అందరినీ నిలబెట్టి నిలదీస్తుంటే, మాసిన దుప్పట్ల బండి తోసుకుంటూ వచ్చిన నేనేగారు ఆగి, "నేనేనండీ" అన్నారు.

"నువ్వా? నిన్న నీకు సెలవు కదయ్యా."

"అవునండీ. సెలవులో ఉండే చేశాను."

సూపర్‌వైజరు తల పట్టుకుని వెళ్ళిపోయాడు. ఇంకెవర్నీ ఏమీ అడగలేదు. మేమంతా పడీపడీ నవ్వుకున్నాం.

నావన్నీ రాత్రి డ్యూటీలు. పొద్దున వచ్చి పడుకుంటే సాయంత్రం దాకా నన్నెవరూ కదపకూడదు. నిద్ర చాలకపోతే నేను మనిషిని కానని మా ఆయన అంటారు. అనుభవించినవారు కాబట్టి నేను కాదనను. అలాంటిదాన్ని, మూడో అంతస్తులో ఆ ఫ్లాటులో దిగిన మర్నాడే మంచం మీంచి ఎగిరి కూర్చున్నాను. తలవైపు గోడలోంచి కుక్క మొరుగుతోంది. గోడ అవతల నుంచి కాదు, గోడలోంచే అన్నట్టుంది. ముందు టకటకటకమని ఏదో చప్పుడు. దాని మీద బొంగురు గొంతుతో మొరుగుడు. అప్పుడు టకటక ఠక్కున ఆగుతుంది. కాసేపటికి మళ్ళీ టకటకటక.

మా అంతస్తులో నడవాకి కిటికీ లేదు. మనిషి కదిలితే దీపం వెలుగుతుంది, కదలకుండా నిలబడితే ఆరిపోతుంది. మా పక్క ఫ్లాటు తలుపు మీద పేరు లేదు. బెల్లు కొట్టాను. తలుపు తట్టాను. తర్వాత బాదాను. లోపల టకటక మాత్రం నాతో తనకేం పనిలేనట్టు సాగుతూనే ఉంది. ఇంతలో సరిగ్గా నా మోకాలి ఎత్తున, తలుపుకి ఆవలి పక్కన, మొరుగుడు మొదలైంది. టకటక ఆగింది. తలుపు కింద సందులోంచి వెచ్చటి ఊపిరి నా పాదాల మీద పడింది. మనిషి అలికిడి లేదు. దీపం ఆరిపోయింది. ఆసుపత్రిలో రాత్రిళ్ళు గడిపేదాన్ని, నాకు భయాలేమిటి? అయినా చెప్పుల్లో కాళ్ళు సరిగ్గా పెట్టుకోకుండానే ఇంట్లోకొచ్చి పడ్డాను.

సాయంత్రం నేనేగారిని పట్టుకున్నాను.

"అన్నయ్యగారూ, ఆ పక్క ఫ్లాటులో కుక్క ఉందా?"

"ఈ బిల్డింగులో కుక్కలుండకూడదమ్మా. రూలు."

"మరి మొరుగుతోందిగా?"

ఆయన అటూ ఇటూ చూశారు. గొంతు సవరించుకున్నారు. "నేనేనమ్మా."

"నేనే అంటే?"

"మొరిగింది."

"మీరెందుకు మొరుగుతారండీ?"

"అలవాటు."

ఈ మాట చెప్పి నేను నవ్వుతుంటే మా ఆయన నవ్వలేదు. ఆయన కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తారు. పొద్దస్తమానం చిన్నచిన్న మరలు చూసీ చూసీ, ఏ చిన్న విషయాన్నీ వదలరు. దానికి తోడు దెయ్యాలంటే పరమ నమ్మకం. ఆ రోజు నుంచి నేనేగారి మీద ఓ కన్నేసి ఉంచారు.

"ఆయన కోటు చూశావా? నిండా వెంట్రుకలు. గోధుమ రంగువి, బిరుసువి."

"ఆయనవేనేమో."

"ఆయన తల మీద ఒక్క వెంట్రుకుందా?"

నిజమే, నేనేగారిది నున్నటి గుండు.

తర్వాతోసారి మా ఆయన రొప్పుతూ వచ్చారు. నేనేగారు ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. అలాంటాయన మాంసం దుకాణం దగ్గర నిలబడి ఎముకలు కట్టించుకుంటున్నారట.

"ఎవరికని అడక్కపోయారా?"

"అడిగానే. 'నాకేనండీ' అన్నారు. మీరు తినరు కదా అన్నాను. 'తిననండీ, కొరుకుతాను' అన్నారు."

ఈసారి నాకూ నవ్వు రాలేదు. వెళ్ళి చూస్తే ఆయన గుమ్మం ముందు చెప్పులున్నాయి. వాటి అంచుల నిండా పళ్ళ గాట్లు.

వాన పడ్డ ఓ పొద్దున డ్యూటీ నుంచి వస్తూ మెట్ల మీద తడి బూట్ల అడుగులు చూశాను. పైదాకా వచ్చి, నడవా మలుపు దగ్గర ఆగిపోయాయి. అక్కణ్ణుంచి బూట్ల గుర్తులు లేవు. కుక్క అడుగులున్నాయి. నాలుగు కాళ్ళవీ, తీరుబడిగా నడుచుకుంటూ నేనేగారి గుమ్మం దాకా వెళ్ళాయి. మా ఆయన్ని లేపి చూపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"ఆ మలుపు దగ్గర మారారన్నమాట," అన్నారు మెల్లగా.

ఇంతకన్నా ఘోరం తర్వాత జరిగింది. ఓ సాయంత్రం నిద్ర పట్టక, మా తలుపుకున్న చిన్న అద్దంలోంచి బయటికి చూశాను. నేనేగారు ఆ పేరులేని తలుపు ముందున్నారు. అటూ ఇటూ చూసి వంగి, తలుపుకున్న ఉత్తరాల సందు దగ్గర మూతి పెట్టి, "భౌ" అన్నారు. లోపల్నుంచి "భౌ" అని జవాబొచ్చింది. తలుపు ఓ జానెడు తెరుచుకుంది. లోపల చీకటి. నేనేగారు మాట్లాడలేదు. చేతులు ఊపడం మొదలుపెట్టారు. నుదురు తాకారు, గాలిలో సున్నా చుట్టారు, గుండె మీద అరచెయ్యి పెట్టుకుని నవ్వారు. అప్పుడా చీకట్లోంచి రెండు చేతులు బయటికొచ్చాయి. సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. చేతులే, వాటి వెనక మనిషి కనిపించలేదు. అవీ అలాగే గాలిలో ఏదేదో అన్నాయి. చప్పుడు మాత్రం లేదు. వెళ్ళి మా ఆయనకి చెప్పాను.

"ఇల్లు మారిపోదాం," అన్నారు మా ఆయన.

భయంతోనైనా కాపురం చెయ్యొచ్చు గానీ నిద్ర లేకుండా చెయ్యలేం. అప్పటికే వార్డులో ఒక పేషెంటు మందు ఇంకో పేషెంటుకి ఇవ్వబోయి చివరి నిమిషంలో ఆగాను. ఇంక లాభం లేదని తిన్నగా బిల్డింగు మేనేజరు దగ్గరికెళ్ళి కంప్లయింటు ఇచ్చాను. నవ్వు మొహం ఎరగని మనిషి అతను. "రేపు సాయంత్రం వస్తాను. కుక్క ఉందని తేలితే ఆ ఫ్లాటు ఆ పూటే ఖాళీ చేయిస్తాను," అన్నాడు.

మర్నాడు సాయంత్రం మేనేజరు కంటే ముందు నేనేగారు మా గుమ్మంలో నిలబడ్డారు.

"అమ్మా, కంప్లయింటు ఇచ్చింది..."

"నేనే," అన్నాను.

"కాదమ్మా, నేను. ఆవిడకి అలాగే చెప్పాను. మీరిద్దరూ గోడ పక్కన గోడ ఉండాల్సినవాళ్ళు. మనసులో పెట్టుకుంటే బావుండదు."

"ఏ ఆవిడ?"

ఆయన ఆ పేరులేని తలుపు వైపు చెయ్యి చూపించారు. "రండి, చూద్దురుగాని."

మా ఆయన నా కొంగు పట్టుకుని వద్దని లాగారు. విడిపించుకుని వెళ్ళాను. నేనేగారు ఉత్తరాల సందులో మొరిగారు, తలుపు తెరుచుకుంది. లోపల అడుగుపెట్టగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. మసక వెలుగులో తలల్లేని మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. నేనేగారు దీపం వేశారు. బట్టలు తొడిగి కొలత చూసుకునే బొమ్మలు. మధ్యలో కుట్టుమిషను. దాని ముందు పండు ముసలావిడ. గుడ్డల మీద గీతలు గీసే సుద్ద చేతుల నిండా తెల్లగా అంటుకుని ఉంది. ఆవిడ కాళ్ళ దగ్గర, చెవి ఓ పక్క చిరిగిన గోధుమరంగు కుక్క. ఇంత మొరుగుడూ అంత పిడికెడు కుక్కదా అని నేను తెల్లబోయాను.

"ఆవిడకి వినపడదు, మాటా రాదు," అన్నారు నేనేగారు. "మనలాగే ఎక్కణ్ణుంచో వచ్చింది. బట్టలు కుట్టి బతుకుతోంది. కెటిల్ మరిగినా, ఇస్త్రీపెట్టె వదిలేసినా, ఎవరన్నా తలుపు తట్టినా ఈ కుక్కే చెప్పాలి. ఆవిడకి వినపడదని దానికి తెలీదు పాపం. ముందు గొంతు చించుకుంటుంది, తర్వాత గౌను అంచు పట్టుకు లాగుతుంది."

"మరి నేను అంత బాదితే తియ్యలేదేం?"

"మేనేజరనుకుంది. అందుకే నేను మొరుగుతాను. నా గొంతు వింటే ఇది తోక ఊపుతుంది. తోక ఊపితే ఆవిడ తలుపు తీస్తుంది. దీన్ని కోటులో దాచి కిందికి తీసుకెళ్తాను. వానొస్తే మలుపు దగ్గర బూట్లు విప్పుకోడానికి దించుతాను. మా ఇంట్లో తుడిచి ఇక్కడికి చేరుస్తాను."

"ఇల్లు ఖాళీ చెయ్యమంటే?"

"ఈ అడ్రసు పోతే ఇక్కడుండే పర్మిట్టు పోతుందమ్మా. తిరిగి పంపించేస్తారు. అక్కడ ఆవిడకెవరూ లేరు."

"అన్నీ మీ నెత్తినే వేసుకుంటారెందుకండీ?" అన్నాను.

"నేనిక్కడ పాతకాపుని. నా మీద పడితే తిట్టి ఊరుకుంటారు. కొత్తవాళ్ళ మీద పడితే విమానం ఎక్కిస్తారు. ఆ గాజు తలుపు పగలగొట్టిన పిల్ల అప్పుడే పనిలో చేరింది. ఏడ్చేలా ఉంది."

మెట్ల మీద మేనేజరు బూట్లు వినిపించాయి. మేం బయటికొచ్చి తలుపు మూశాం. తక్కిన ఫ్లాటుల వాళ్ళూ తలలు బయటికి పెట్టారు.

"కుక్క ఎక్కడ?" అన్నాడు మేనేజరు.

"కుక్కేం లేదండీ. మొరిగేది నేనే," అన్నారు నేనేగారు.

"ఏదీ, మొరుగు."

నేనేగారు కళ్ళు మూసుకుని మొరిగారు. నడవా దద్దరిల్లింది. మేనేజరు కూడా ఒకడుగు వెనక్కేశాడు. అంతా బానే ఉంది గానీ, ఆ గొంతు వింటే తోక ఊపే ప్రాణి ఒకటి లోపల ఉంది కదా. తలుపు వెనక నుంచి "భౌ" అని బొంగురుగా, సంతోషంగా జవాబొచ్చింది.

ఎవరూ కదల్లేదు. దీపం ఆరిపోయింది. చీకట్లో నా పక్కనే నేనేగారి ఊపిరి వణకడం వినిపించింది. ఆ మనిషి భయపడడం నేను వినడం అదే మొదటిసారి.

"ఇప్పుడు మొరిగిందెవరు?" అంది చీకట్లో మేనేజరు గొంతు.

చిన్నప్పటి నుంచీ పరువుగా బతికినదాన్ని. నోరు తెరిచి మొరిగాను.

ఎవరో ఉలిక్కిపడ్డట్టున్నారు, దీపం వెలిగింది.

"నేనేనండీ," అన్నాను.

"కంప్లయింటు ఇచ్చింది నువ్వు కాదూ?"

"నా మీద నేనే ఇచ్చుకున్నానండీ. నా గోలకి నాకే నిద్ర పట్టడం లేదు."

లోపల కుక్క మళ్ళీ అందుకుంది. మేనేజరు అటు తిరిగే సరికి మా తలుపు సందులోంచి సన్నగా, కీచుగా, కాలు తొక్కితే అరిచినట్టు ఓ మొరుగుడు వినిపించింది. మా ఆయన. దెయ్యాల మాటెత్తితే దుప్పటి ముసుగెట్టే మనిషి, కళ్ళు గట్టిగా మూసుకుని ఇంకోసారి మొరిగారు. నాకు ఆయన మీద అంత ప్రేమ పెళ్ళిలో కూడా పుట్టలేదు.

మేనేజరు మా ముగ్గురి వంకా చూశాడు, ఆ తలుపు వంకా చూశాడు. చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"కుక్కలుండకూడదని రూలు ఉంది," అన్నాడు. "అద్దెకున్నవాళ్ళు మొరగకూడదని లేదు."

మెట్లు దిగబోతూ ఆగాడు. "లోపల మొరుగుతున్న మనిషెవరో గొంతు బాగా బొంగురుపోయింది. గోరువెచ్చటి నీళ్ళు తాగమనండి."

ఆ తర్వాత నాకు నిద్ర పట్టడం మొదలైంది. కుక్క మానలేదు, కానీ ఇది కెటిల్, ఇది ఇస్త్రీపెట్టె అని తెలిశాక పక్కకి తిరిగి పడుకునేదాన్ని. నేనేగారు ఊరెళ్ళినప్పుడు కుక్కని తిప్పే పని మా ఆయన మీద పడింది. దానికోసం ఆయన సాయంత్రాలు మొరగడం సాధన చేసేవారు. ఓ రోజు కింది అంతస్తువాళ్ళు పళ్ళు నూరుకుంటూ పైకొచ్చారు. సాయంత్రం పూట ఎవరో పిల్లి గొంతు నులుముతున్నట్టు అరుస్తున్నారు, ఎవరది అని అడిగారు. అలవాటు ప్రకారం మేమంతా నేనేగారి వంక చూశాం. ఆయన నోరు తెరిచారు, మూశారు, గుండు రుద్దుకున్నారు.

"క్షమించు చెల్లెమ్మా, ఇది మాత్రం నేను ఒప్పుకోలేను," అన్నారు. "అది బావగారు."