మూతలోపలి పేరు

ఆదోనిలో మోటారు కాలితే, పొగ వాసన పట్టి అది ఏ పత్తి జిన్నింగు మిల్లుదో అబ్బాస్ అలీ చెప్పేస్తాడని పదిమందికీ చెబుతుంటాను. అది నా కల్పన. ఇప్పుడు రాసేది మాత్రం కల్పన కాదు. రాస్తుంటే ఇంకా ఒళ్లు మండుతోంది.

అబ్బాస్ అలీ నలభై ఏళ్లుగా మోటార్లకు, ట్రాన్స్‌ఫార్మర్లకు తీగ చుడుతున్నాడు. ఫ్యూజు ఊరికే పోతోందని మిల్లువాళ్లు లావు తీగ కడతారు. మోటారు కాల్చుకుని అతని దగ్గరికొస్తారు. వాళ్ల తప్పే అతనికి తిండి పెడుతోంది, అయినా వచ్చినవాణ్నల్లా తిడతాడు. చేసిన ప్రతి పనికీ మూతలోపల తన పేరు, తేదీ రాస్తాడు.

ఎమ్మిగనూరులో మా మేడమీద బల్లంతా పరుచుకున్న బొమ్మ రైలుంది. దాని పాత ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక పిడి. తిప్పినకొద్దీ పట్టాల్లో వోల్టులు పెరిగి రైలు పరుగెత్తేది. మా మనవడు విఘ్నేష్ రెండు కొత్త ఇంజన్లు తెప్పించాడు. వాటికి ఎప్పుడూ పద్దెనిమిది వోల్టులుండాలి. పరుగెత్తమనో ఆగమనో చెప్పేది చేతిలోని రిమోటు. పాత డబ్బాను ఇనుపకొట్టుకు వేస్తానన్నాడు. నేను దాన్ని ఆదోనికి మోసుకెళ్లాను.

అబ్బాస్ అలీ పిడిని పద్దెనిమిది దగ్గర బిగించి, డబ్బాలోపలే పట్టాలకు పోయే తీగ మధ్యలో చిన్న గాజు ఫ్యూజు పెట్టాడు.

"దీంట్లో పాత బ్రేకరు నిదానంగా పడతాది రాయుడన్నా. అంతలోపల ఇంజన్లో సర్క్యూట్ బోర్డు మాడిపోతాది. ఇదైతే తటాలున తెగుతాది."

రైలు పట్టాలు తప్పి షార్టయినప్పుడల్లా అది తెగింది. మూడోసారికి విఘ్నేష్ విసుగెత్తి, గాజుది పీకేసి లావు రాగితీగ కట్టాడు. ఆ సాయంత్రమే మలుపులో ఇంజను పడి మాడింది. మాడిన ఇంజనునూ మూతలోపలి అబ్బాస్ అలీ పేరునూ ఫోటో తీసి, 'ముసలాయన రిపేరీ' అని ఫోన్లో ఊరంతా పంపాడు! తప్పు రాగితీగదని నేనంటే నవ్వాడు.

"ఇది గూడా నీ పొగవాసన కతేనా తాతా?"

ఆదోనిదాకా చేరిన ఆ ఫోటో చూసి ఇద్దరు మిల్లువాళ్లు తమ మోటార్లు వెనక్కి తీసుకున్నారు. మర్నాడే అబ్బాస్ అలీ బస్సెక్కి మా ఇంటికొచ్చాడు. మూత విప్పి రాగితీగ బయటికి లాగి విఘ్నేష్ ముందు పెట్టాడు.

"ఇది నేను పెట్టిందేనా అప్పా?"

"ఎన్నితూర్లు మార్సల్ల భాయ్ ఆ గాజుది?"

"ఆ రెండో ఇంజను పట్టాలమీద పెట్టు."

"అదీ మాడితే?"

"మాడితే ఈ డబ్బాతోపాటు నా అంగడి బోర్డు గూడా ఇనుపకొట్టుకే ఏస్తా."

కొత్త ఫ్యూజు పెట్టాడు. ఇంజను మలుపు తిరుగుతుంటే వేలితో పడదోశాడు. టిక్కుమంది. ఇంజను దీపం ఆరింది. ఫ్యూజు మార్చి, ఇంజను నిలబెట్టాడు. అది కూతవేసి కదిలింది.

"సరే భాయ్, నాదే తప్పు. అయినా రోజూ మార్సేదెవురు?" అన్నాడు వీడు. చెంప పగలగొట్టాలనిపించింది నాకు.

అబ్బాస్ అలీ మూత తిరగేసి, తన పేరు కింద ఒక గీత గీసి, పెన్ను వాడి ముందు పెట్టాడు.

"లావుది కట్టుకోవల్లంటే కట్టుకో. ముందు ఈడ నీ పేరు రాయి. ఈసారి మాడితే ఎవురి పనో నీ ఫోటోలో కనపడల్ల."

విఘ్నేష్ పెన్ను ముట్టలేదు. ఆ మూతనే ఫోటో తీసి, 'లావు తీగ కట్టింది నేనే' అని ముందు పంపినవాళ్లందరికీ పంపాడు. ఒక మిల్లు మోటారు తిరిగొచ్చింది. రెండోవాడికి ఇంకా సిగ్గు రాలేదు.

మూతలోపల అబ్బాస్ అలీ పేరు కింద ఆ గీత ఖాళీగానే ఉంది.