రాకెట్ల వంతు ఎన్నాళ్ళు? శ్రీహరికోటకు ఒక రోజు ప్రయాణం

ఈ జులైలో చంద్రుడి మీద మనుషులు దిగినప్పటి నుంచి నాకు ఊపిరి సలపలేదు. నెల్లూరులో ఆడపిల్లల కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. దారిలో కనిపించిన ప్రతివారూ ఆపి చంద్రుడి గురించి అడిగేవారే. చివరికి మా ప్రిన్సిపాలు గారు ‘అంతరిక్ష యాత్రలు: లక్ష్యాలు, ఫలితాలు’ అన్న విషయం మీద ఒక ఉపన్యాసం ఇమ్మన్నారు. ఒక నోటుపుస్తకంలో గీతలు గీసుకుని, యాత్ర పేరు, ఏమి ఆశించి పంపారు, ఏమి జరిగింది అని మూడు గళ్ళు చేసుకున్నాను. రాయడం మొదలుపెట్టాక అనుమానాలు మొదలయ్యాయి. చంద్రుణ్ణి దగ్గరగా ఫోటోలు తీయమని అమెరికా పంపిన రేంజర్లలో మొదటి ఆరూ ఏ ఫోటో పంపకుండానే పోయాయి, ఏడోది పంపింది. మరి రేంజరు గెలిచినట్టా, ఓడినట్టా? అమెరికావాళ్ళు చంద్రుడి మీద ఉన్న సమయంలోనే రష్యా పంపిన లూనా ఒకటి అక్కడే కూలిపోయింది. అది ఏ పనికి వెళ్ళిందో రష్యా సరిగా చెప్పనే లేదు. లక్ష్యం తెలియనిదాన్ని విఫలమని ఎలా రాయాలి? ఇలా కొట్టుమిట్టాడుతూ ఉండగా మన జిల్లాలోనే, పులికాట్ సరస్సుకు అవతల ఉన్న శ్రీహరికోట దీవిని రాకెట్లు ఎగరేయడానికి తీసుకుంటున్నారని పేపర్లో చదివాను. అంత దగ్గరి చోటును చూడకుండా చంద్రుడి గురించి మాట్లాడటం ఎబ్బెట్టుగా తోచి సెప్టెంబరులో ఒక ఆదివారం బయలుదేరాను.

ఉదయం ఆరు గంటల ప్రాంతంలో మద్రాసు వైపు వెళ్ళే పాసింజరు ఎక్కితే గూడూరు, నాయుడుపేట మీదుగా సూళ్ళూరుపేట చేరేసరికి తొమ్మిది దాటింది. స్టేషను బయట ఇడ్లీ తిని, రూపాయికి జట్కా మాట్లాడుకుని సరస్సు ఒడ్డుకు వెళ్ళాను. అక్కడి నుంచి దీవికి పడవ తప్ప వేరే దారి లేదు. దీవి అడవిలో కొట్టిన కట్టెలను మద్రాసుకు మోసే పెద్ద పడవలు ఒడ్డున బారులు తీరి ఉన్నాయి కాని అవి మనుషుల్ని ఎక్కించుకోవు. చేపల పడవవాళ్ళనే అడగాలి. పోను రాను రెండు రూపాయలకు మస్తానయ్య అనే ఆయన ఒప్పుకున్నాడు. యాభై ఏళ్ళు ఉంటాయి. తెరచాప ఎత్తినా ఉదయం పూట గాలి సరిగా ఉండదు. చాలా దూరం మోకాటి లోతు నీళ్ళే కాబట్టి వెదురు గెడతో నెట్టుకుంటూ పోవాలి. రెండు గంటలకు పైనే పడుతుంది, గొడుగు తప్పనిసరి.

“మీరు రాకెట్టు ఆపీసరామా?” అన్నాడు కొంత దూరం పోయాక.

“కాదు, పాఠాలు చెప్పేదాన్ని.”

“అయితే మేలు. ఆపీసర్లు మాట్లాడరు. నల్లద్దాలు పెట్టుకోని నీళ్ళకల్లా చూస్తా కూర్చుంటారు. చంద్రుడి మీద నీళ్ళు లేవంట, నిజమేనా?”

“నిజమే.”

“నీళ్ళు లేవని తెలిసీ పోయినారా? మా బావమరిదీ అట్నే పోతాడు, చేపలు లేవని తెలిసీ. ఇంట్లో పెళ్ళాం పోరు పడలేక.”

నవ్వాను. అమెరికా, రష్యాల మధ్య ఎవరు ముందు అనే పోటీ ఉందని చెబుతూ, పన్నెండేళ్ళ కిందట రష్యా ఒక కుక్కను పైకి పంపడం దాకా వెనక్కి వెళ్ళాను. దిగినాదా ఆ కుక్క అని అడిగాడు. దించే ఏర్పాటే చేయలేదని, పైన ప్రాణి బతకగలదా అని చూడటానికే పంపారని చెప్పాను.

“బతికినాదా?”

“కొంతకాలం బతికిందన్నారు.”

“అయితే పంపినోళ్ళు గెలిచినట్టే,” అని గెడ వేశాడు.

దీవిలో దిగాక అరమైలు ఇసుకలో నడిస్తే ఇరవై ముప్ఫై తాటాకు ఇళ్ళ పల్లె వచ్చింది. భోజనానికి మస్తానయ్య తన పినతల్లి కూతురు పోలమ్మ ఇంటికి తీసుకువెళ్ళాడు. ఆమెది ఇంచుమించు నా వయసు. అన్నంలోకి రొయ్యల ఇగురు వడ్డించింది. వద్దన్నకొద్దీ వేసింది. ఆఫీసర్లు వచ్చి పల్లె ఖాళీ చేయమని చెప్పి వెళ్ళారని, పొంగలి పండుగ లోపల కదలాలని తింటూ ఉండగా చెప్పింది. సూళ్ళూరుపేట అవతల మెట్ట మీద ఇళ్ళ స్థలాలు చూపిస్తారట. అక్కడికి సరస్సు ఎంత దూరమని అడిగాను. “కాకి పోతే దెగ్గిరే,” అన్నది. ఆమె భర్త శీనయ్య తలదువ్వుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని గడపలో కూర్చున్నాడు. పక్కన గుడ్డలో కట్టిన తమలపాకులు, వక్కలు ఉన్నాయి. ఏదైనా శుభకార్యానికి వెళుతున్నారా అని అడిగాను.

“మీ పడవలోనే రావాలని కూర్చోనుండాడుమా,” అన్నది పోలమ్మ. “పోవాల్నా వద్దా అని రాత్రి నించీ కొట్లాట. మీరు రాకెట్ల సంగతి సదువుకున్నోరంట. ఒక మాట చెప్పండి, ఇద్దరం ఇంటాము.”

ఆమె అడిగింది అర్థం కావాలంటే వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. సరస్సులో రొయ్యలు బాగా పడే తావుల్ని పాడు అంటారు. ఏ పల్లె పాడు ఆ పల్లెది. అందులో ఇంటికి ఒక వంతు. ఈ వేళ ఒకరు వల కట్టిన తావులో రేపు ఇంకొకరు కడతారు. వరస తిరిగి తిరిగి మళ్ళీ మొదటివారికి వస్తుంది. ఎంత మొనగాడైనా ఒక తావును తనదిగా ఉంచేసుకోలేడు. పోలమ్మ చెల్లెలిది సరస్సుకు ఇవతల, సూళ్ళూరుపేట వైపు ఒడ్డున ఉన్న పల్లె. అక్కడ ఒక వంతు ఖాళీ అయింది. చెల్లెలి భర్త ఆ ఊరి పెద్దలతో మాట్లాడి శీనయ్యకు ఒప్పించాడు. ఆ సాయంత్రమే పెద్దలు కూర్చుంటారు. ఏడాదికి ఒకసారే. శీనయ్య స్వయంగా వెళ్ళి వాళ్ళ చేతిలో తాంబూలం పెట్టి పేరు ఇవ్వాలి, ఇంకొకరు ఇస్తే చెల్లదు. ఒకసారి అక్కడ పేరిస్తే మాత్రం సొంత పల్లె పాడులో ఇక ఎన్నటికీ వంతు ఉండదు. ఒక మనిషికి రెండు ఊళ్ళ నీళ్ళు ఉండకూడదని కట్టుబాటు.

“అందుకే అడగతా ఉండా,” అన్నది పోలమ్మ. “రాకెట్లోళ్ళ వంతు ఎన్నాళ్ళుమా? ఒక ఏడా, రెండేళ్ళా? వాళ్ళది అయినాక దీవి మాకు తిరిగొచ్చేదయితే ఈయన ఆడ పేరియ్యడం ఎందుకు? తిరిగొచ్చినాక మా నీళ్ళల్లో మేమే పరాయోళ్ళమయిపోతాము.”

పుట్టినప్పటి నుంచి వంతులే చూసిన మనిషి. ప్రభుత్వం కూడా దీవిని వంతుకు తీసుకుందని అనుకుంటూ ఉంది.

“అది వంతు కాదే పిచ్చిదానా, లాక్కోడం,” అన్నాడు శీనయ్య.

“నువ్వు సదివినావా? సదివినోళ్ళని అడగతా ఉండాను గదా, ఉండు. రాకెట్టు ఎగరకపోతే ఏం చేస్తారుమా? పోయిన పని కాకపోతే మూటా ముల్లే సర్దుకోని పోరా?”

నా సంచిలో నోటుపుస్తకం ఉంది. జవాబు అందులోనే ఉంది. రేంజర్లు ఆరు పోయినా ఏడోది అదే తీరం నుంచి లేచింది. రెండేళ్ళ కిందట నేల మీదే మంటల్లో ముగ్గురు అమెరికన్లు చనిపోయారు, అదే సంవత్సరం పారాచూటు విచ్చుకోక ఒక రష్యన్ చనిపోయాడు. రెండు దేశాలూ మళ్ళీ అక్కడి నుంచే మనుషుల్ని పంపాయి. కేరళ తీరంలో జాలర్లు ఉన్న చోట మన దేశం చిన్న రాకెట్లు ఎగరేయడం మొదలుపెట్టి ఆరేళ్ళయింది, ఇంకా ఎగరేస్తూనే ఉన్నారు. శుక్రుడి గాలిని కొలవాలన్నా, అంగారకుణ్ణి ఫోటో తీయాలన్నా, చంద్రుడి మీద కాలు మోపాలన్నా లక్ష్యాలు వేరు, ఫలితాలు వేరు. లేచిన చోటు మాత్రం ఒకసారి తీసుకున్నాక ఎవరూ తిరిగి ఇవ్వలేదు. ఓడితే మళ్ళీ ప్రయత్నించడానికి కావాలి, గెలిస్తే ఇంకా పెద్దదానికి కావాలి. ఇది నాకు తెలుసు. అయినా ఇరవై ఏళ్ళుగా పిల్లలకు నేను నేర్పింది, ఆధారం లేనిదే తీర్మానించకూడదని. ఈ దీవి విషయంలో కాగితం ఏదీ నేను చూడలేదు. చూడనిదాన్ని గురించి ఒక సంసారం తలరాత తేల్చడానికి నేనెవరిని అనిపించింది.

“కచ్చితంగా చెప్పలేను పోలమ్మా,” అన్నాను. “వాళ్ళ పని ఎలా సాగుతుందో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు.”

పోలమ్మ ముఖం తేటపడింది. “చూసినావా?” అన్నది భర్తతో. “రాదని ఆయమ్మ కూడా చెప్పలేదు.”

శీనయ్య నా వైపు చూశాడు. ఇంకేమైనా అంటానేమోనని చాలాసేపు చూశాడు. నేను చెయ్యి కడుక్కోవడానికి లేచాను. రెండు గంటలకు మస్తానయ్య పిలిచేసరికి ఆయన చొక్కా విప్పి దండెం మీద వేసి ఉన్నాడు. పోలమ్మ ఒక్కతే రేవు దాకా వచ్చి, ఎండు రొయ్యల పొట్లం నా చేతిలో పెట్టి సాగనంపింది.

మధ్యాహ్నం సముద్రపు గాలి వీస్తుంది కాబట్టి తిరుగు ప్రయాణం సగం సమయమే. తెరచాప నిండుగా లేచింది. సరస్సు నడిమికి వచ్చాక మస్తానయ్య అడిగాడు: “నిజంగా తెలీకనే చెప్పినారా?”

“నూటికి నూరుపాళ్ళు తెలియదు.”

“నాకు తెలుసు. రాదు. పది మాట్లు చెప్పినా దానికి. పడవోడి మాట గదా, ఇనదు. మీరు చెప్పుంటే ఇనేది. మీరొస్తారని తెలీదు గానీ, వచ్చినారు గదా చెప్తారులే అనుకున్నా.”

పడవ తిప్పగలమా అని అడిగాను. గాలికి ఎదురు నెట్టాలన్నాడు. పోయి, ఆయన్ను ఎక్కించుకుని, మళ్ళీ వచ్చేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది, పెద్దలు లేచిపోయినా పోతారు, ఉన్నా ఉంటారు. “మీరు తిప్పమంటే తిప్పతా,” అన్నాడు. ఆరున్నర రైలుకు నా దగ్గర తిరుగు టిక్కెట్టు ఉంది. మర్నాడు ఎనిమిదికి క్లాసు. ఉన్నా ఉంటారన్న మాట విన్నాను, లేచిపోయినా పోతారన్న మాటను పట్టుకున్నాను. తిప్పమనలేదు. రైలు ముప్పావు గంట ఆలస్యంగా వచ్చింది. అంతసేపూ ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను.

మర్నాడే సూళ్ళూరుపేట స్టేషను టీకొట్టు పేరున మస్తానయ్యకు కార్డు రాశాను. దీవి తిరిగి రాదని, పెద్దలు ఒప్పుకుంటే ఇప్పుడైనా శీనయ్యను పేరిమ్మనమని. ఉపన్యాసం బాగా జరిగింది. నల్లబల్ల నిండా పట్టిక వేశాను. చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాలు గారు దాన్ని కాలేజీ పత్రికకు అడిగారు, నేను ఇంతవరకు ఇవ్వలేదు.

డిసెంబరు సెలవుల్లో మళ్ళీ వెళ్ళాను. దీవికి పోనవసరం లేకపోయింది. సూళ్ళూరుపేట నుంచి అయిదు మైళ్ళు జట్కాలో మెట్ట పొలాల వైపు పోతే కొత్త పాకలు కనిపించాయి. నా కార్డు చేరేసరికి ఆ వంతు దీవిలోనే ఉన్న మరో కుటుంబానికి వెళ్ళిపోయిందట. శీనయ్య రోడ్డు పనికి కంకర కొట్టడానికి వెళ్ళాడు. పోలమ్మ పాక ముందు వలను విప్పి, దాని తాళ్ళతో పందిరి గుంజలు కడుతూ ఉంది. నన్ను చూసి పీట వేసింది.

తప్పు నాదేనని చెప్పబోయాను.

“మీరు అబద్ధం చెప్పలేదు గదమ్మా,” అన్నది. “తెలీదన్నారు. తెలీదంటే, రావచ్చుననుకుంటిమి.” ఇంకో ముడి వేసింది. “ఇప్పుడన్నా తెలిసినాదా?”

“రాదు పోలమ్మా. గెలిచినా రాదు, ఓడినా రాదు.”

“ఈ మాట ఆ పొద్దు చెప్పాలంటే ఎంత సేపు పట్టేదిమా?” అన్నది. కోపంగా అనలేదు, నిజంగానే అడిగింది. తాగండి అని మజ్జిగ తెచ్చి ఇచ్చి, మళ్ళీ తాళ్ళ దగ్గరకు వెళ్ళింది.

సందేహించడం చదువుకున్నవాళ్ళ సుగుణమని ఇన్నాళ్ళూ నమ్మాను. యాత్రలను పోల్చేటప్పుడు అది పనికివస్తుంది, ఎవరికీ నష్టం ఉండదు. ఒక మనిషి చొక్కా తొడుక్కుని గడపలో కూర్చుని ఉన్నప్పుడు అదే సందేహం ఒక జవాబు అయిపోతుంది, అదీ తప్పు జవాబు. ఆ దీవి మీద రాకెట్లు లేస్తాయి. మొదటిది కూలినా పదోది పైకి పోతుంది. పోయిన రోజున నా విద్యార్థినులు నన్ను అడుగుతారు, నేను సంతోషంగానే చెబుతానేమో. అది తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకు భయంగా ఉంది. పోలమ్మ కుటుంబానికి నేను చేయగలిగింది ఏమైనా మిగిలి ఉందా అని ఈ నెలంతా వెతికాను. చెల్లెలి పల్లె పెద్దల దగ్గరకు కూడా వెళ్ళి వచ్చాను. వచ్చే ఏటికీ ఖాళీ లేదన్నారు.

సరస్సు వైపు వెళ్ళాలనుకునేవారికి ఒక్కటే సలహా. ఉదయం పాసింజరుకు పోండి, మధ్యాహ్నం సముద్రపు గాలికి తిరిగి రండి, తిరుగు టిక్కెట్టు మాత్రం ముందుగా కొనకండి.