ఇన్‌టేక్ బావి అడుగున డొల్ల

కరోనా మాస్కులు జనం జేబుల్లోకి వెళ్లిపోయిన ఏడాది, ఏప్రిల్ నెలలో నన్ను గోలేటి నుంచి గోదావరిఖనికి బదిలీ చేశారు. హోదా డిప్యూటీ సూపరింటెండింగ్ ఇంజనీరు, సివిల్ విభాగం. పని కార్మికుల కాలనీలకు నీటి సరఫరా. బొగ్గు గనుల్లో సివిల్ ఇంజనీరంటే క్వార్టర్ల పెచ్చులు ఊడినప్పుడు తిట్లు తినే మనిషని అందరి అభిప్రాయం. తిట్లు తిన్న మాట నిజమే. కానీ నాకు అప్పగించిన వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైన కట్టడం సగం పైగా నీళ్ల కిందే ఉండేది.

అది గోదావరి పాయలో కట్టిన ఇన్‌టేక్ బావి. గుండ్రటి కాంక్రీటు గోడ, ఆ గోడకు జాలీ కిటికీలు, వాటి గుండా నది నీరు లోపలికి వస్తుంది. పైన మోటార్ల గది. ఒడ్డు నుంచి అక్కడిదాకా సన్నటి నడక వంతెన. వెనకటి రోజుల్లో ఎండాకాలం ఇసుక తేలేది కాబట్టి మేస్త్రీలు నడుచుకుంటూ వెళ్లి బావి మొదలు చూసుకుని మరమ్మతు చేసేవారు. దిగువన బ్యారేజీ వచ్చాక ఏడాది పొడుగునా నీళ్లు నిలబడ్డాయి. చూసే వీలు పోయింది, కోత మాత్రం ఆగలేదు. ప్రవాహం బావిని ఢీకొని సుడి తిరిగే చోట ఇసుకను తవ్వుకుపోతుంది. దాన్నే మేము కోత అంటాం. నేను చేరేసరికి ఎగువ వైపు పునాది పక్కన పెద్ద గొయ్యి పడింది, గోడ కాంక్రీటు కూడా కొంత రాలిపోయింది.

కాకినాడ వైపు నుంచి డైవర్లను పిలిపించాం. వాళ్ల పెద్ద సూరిబాబు. సముద్రంలో జెట్టీల కింద పనిచేసిన మనిషి, మాట మెత్తన, చెయ్యి గట్టి. బావి మొదలు చుట్టూ ఇనుప రేకులు బిగించి, రేకుకూ పాత గోడకూ మధ్య కాంక్రీటు నింపాలి. నీళ్లలో కాంక్రీటు పైనుంచి పోస్తే సిమెంటు కడుక్కుపోయి కంకర మిగులుతుంది. అందుకే పొడవాటి పైపు అడుగుదాకా దించి, దాని మూతి ఎప్పుడూ తాజా కాంక్రీటులో మునిగి ఉండేలా చూస్తూ పోస్తారు. మూతి బయటపడిందా, పని చెడిందన్నమాటే. పోత మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా బాధ్యత గల అధికారి అక్కడే నిలబడి, 'నా సమక్షంలో జరిగింది' అని రిజిస్టరులో సంతకం చేయాలి.

నిలబడ్డాను. రామగుండం మే నెల ఎండలో తలకు తువ్వాలు చుట్టుకుని పొద్దుటి నుంచీ నిలబడ్డాను. నడుమ జనరల్ మేనేజరు గారి ఫోను వచ్చింది. మోటార్ల మోతలో ఏమీ వినపడక ఒడ్డుకు వెళ్లి మాట్లాడాను. ఒక పావుగంట. తిరిగి వచ్చేసరికి పోత సాఫీగా సాగుతోంది. సాయంత్రం సంతకం చేశాను. నాలుగు రోజుల తర్వాత రేకులు విప్పి, డైవర్లు కెమెరా దించారు. బూడిద రంగు గోడ, నున్నగా, ముద్దొచ్చేలా ఉంది. పని సంపూర్ణమని నివేదిక పంపేశాను.

మర్నాడు మోటార్ల గదిలో కొమురయ్య కాక నన్ను ఆపాడు. ఆయన పంపు ఆపరేటరు. అంతకు ముందు ఇరవై ఏళ్లకు పైగా భూగర్భ గనిలో డ్రిల్లర్. ఆ మోతకు చెవులు సగం పోయాయి, వైద్య పరీక్షలో అన్‌ఫిట్ చేసి ఉపరితలం మీద పని ఇచ్చారు. వయసుకు తగ్గట్టు అందరూ కాక అనేవారు, నేనూ అంతే.

"మేడం, మీరు ఫోన్ల మాట్లాడుకుంట ఒడ్డుకు పోయిండ్రు గదా, అప్పుడు పైపుల కంకర ఇరుక్కున్నది. వాళ్లు పైపును ఒక్కసారే మీదికి గుంజిండ్రు. సిమెంటు పాలు నీళ్ల మీదికి తేలినయి. నేను చూసిన," అన్నాడు.

అప్పుడే ఎందుకు చెప్పలేదని గయ్‌మన్నాను.

"అడిగినోళ్లెవ్వరు? మీరొచ్చి సంతకం పెట్టి జల్ది పోతిరి."

నాకు ఒళ్లు మండింది. మోటార్ల సంగతి నువ్వు చూసుకో కాకా, కాంక్రీటు సంగతి నేను చూసుకుంటాను అన్నాను. ఆయన సరే మేడం అని పక్కకు తప్పుకున్నాడు. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ నా మీద నాకు చిరాకే. నిజం చెప్పాలంటే అది కోపం కాదు, భయం. ఆ నెలలోనే పదోన్నతి జాబితా తయారవుతోంది, అందులో నా పేరుంది. పదవీ విరమణకు మూడేళ్లు కూడా లేవు. ఈసారి తప్పితే మళ్లీ రాదు. మరోవైపు, లోపల నిజంగానే డొల్ల ఉంటే జూలై వరదకు కంకర జారిపోయి బావి ఒరుగుతుంది. సెంటినరీ కాలనీ మొదలుకొని ఎన్ని వరసల క్వార్టర్లలో కొళాయిలు ఎండిపోతాయో నాకు తెలుసు.

వీడియో మళ్లీ మళ్లీ చూశాను. నున్నటి గోడే. మూడో రోజు నేనే కాక దగ్గరికి వెళ్లి, నీ అనుమానం తేల్చుకునే దారేమైనా ఉందా అని అడిగాను. మొన్న అన్నదానికి ఒక్క దెప్పు మాట అనలేదు. నా చెయ్యి పట్టుకుని గది గోడ మీద ఒకచోట ఆనించి, పక్కనే స్పానరుతో కొట్టాడు. గోడ మొద్దులా ఉంది. ఇంకోచోట, ప్లాస్టరు లోపల వదులైన చోట ఆనించి కొట్టాడు. అరచేతి కింద సన్నగా వణికింది.

"బాయి కింద పనిజాగకు పోంగనే మొట్టమొదలు కప్పు కొట్టి చూస్తం బిడ్డా. మంచిగుంటే గట్టిగ పలుకుతది, వదిలిందైతే డొల్లగ పలుకుతది. నాకు చెవులు పోయినంక చెయ్యి పెట్టుడు నేర్సుకున్న. కండ్లకైతే కప్పు ఎప్పుడు మంచిగనే కనవడ్తది. కూలే దినం గూడ గట్లనే కనవడ్తది."

బాయి అంటే ఇక్కడ బొగ్గు గని. ఇంజనీరింగు చదువులో సుత్తితో కొట్టి కాంక్రీటు పరీక్షించడం నేనూ చదివాను. బురద నీళ్లలో కంటికన్నా అరచెయ్యి నమ్మకమైనదని మాత్రం ఎవరూ చెప్పలేదు.

సూరిబాబు ఇంకా సామాను సర్దుకుంటున్నాడు. పైపు గుంజిన మాట నిజమేనా అని అడిగితే తల దించుకుని, "కుర్రాళ్లు కంగారు పడ్డారండి, వెంటనే మళ్లీ దించేశాం కదా ఏం కాదనుకున్నానండి," అన్నాడు. కాక ఆయన్ను గంటసేపు ఆ గోడ దగ్గర నిలబెట్టి అరచేతికి చదువు చెప్పాడు. సముద్రం ఎరిగిన మనిషి బుద్ధిగా నేర్చుకున్నాడు. ముచ్చటేసింది.

బావి మొదలు చుట్టూ ముళ్లు వేసిన తాడు కట్టించాం, ఏ చోటో గుర్తుకు. సూరిబాబు ఒక చెయ్యి గోడకు ఆనించి, మరో చేత్తో సుత్తి కొడుతూ ముడి ముడికీ జరిగాడు. శిరస్త్రాణంలో ఫోను ఉంటుంది, మాట పైన స్పీకరులో వస్తుంది. గట్టిదండి, గట్టిదండి అంటూ ఎగువ వైపుకు వచ్చాడు. కాక పెదవులు చూసి తెలుసుకుందామంటే మనిషి నీళ్ల కింద ఉన్నాడాయె. అందుకని ఒక్కో మాటా నేనే ఆయన చెవిలో అరిచి చెబుతున్నాను.

"అమ్మగారూ, ఇక్కడ చెయ్యి వణుకుతోందండి."

ఆ మాట చెప్పడానికి కాక వైపు తిరిగాను. నా మొహం చూసి ఆయనే గ్రహించాడు. మూడు ముళ్ల మేర డొల్ల తేలింది.

ఆ మధ్యాహ్నమే నా నివేదికను నేనే రద్దు చేస్తూ జనరల్ మేనేజరు గారికి లేఖ రాశాను. పోత సమయంలో పావుగంట నేను అక్కడ లేనని, అయినా ఉన్నట్టు సంతకం చేశానని రాశాను. ఆయన చదివి, 'ఫోను చేసింది నేనే కదా' అన్నారు. 'సంతకం చేసింది నేను' అన్నాను. సంజాయిషీ మెమో వచ్చింది, జాబితాలోంచి పేరు పోయింది. బాధ కలగలేదంటే అబద్ధం. ఇంటికెళ్లి మావారి ముందు బాగా ఏడ్చాను.

డొల్ల చోట రంధ్రాలు వేసి, కింది రంధ్రంలోంచి చిక్కటి సిమెంటు పాలు ఒత్తిడితో ఎక్కించాం, పై రంధ్రంలోంచి చిక్కగానే బయటికి వచ్చేదాకా. ఈసారి నేను కదల్లేదు, ఫోను ఇంట్లోనే పెట్టి వచ్చాను. అది గట్టిపడ్డాక సూరిబాబు మళ్లీ చెయ్యి ఆనించి చూశాడు. చెయ్యి వణకలేదు. జూలైలో వరద బాగా పెద్దదే వచ్చింది. బావి నిలబడింది. కొళాయిల్లో నీళ్లు వచ్చినందుకు మెచ్చుకున్నవారు ఎవరూ లేరు, అలా ఎవరూ మెచ్చుకోరు కూడా.

పరీక్ష నివేదికలో పరీక్షా విధానం దగ్గర కొమురయ్య పేరు రాశాను. ఆయన కంగారుపడి, "నా పేరెందుకు మేడం, నాకేమన్న మెమో ఇస్తరా ఏంది?" అన్నాడు. మెమో కోటా అయిపోయింది కాకా, నేనే తీసుకున్నానని ఆయన చెవిలో అరిచాను. వంతెన ఊగేటట్టు నవ్వాడు.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంత. నీళ్ల కింద కట్టిన దాని గురించి ఇంజనీరుకు తెలిసేది కొంచెమే. ఆ కొంచెం ఎలా తెలిసిందో, ఎవరి చేతి ద్వారా తెలిసిందో కాగితం మీద ఉండాలి. తాను అక్కడ లేని సమయం కూడా ఉండాలి. పోత రిజిస్టరులో దానికోసం ఒక గడి గీయించాను. అందులో మొదటి పేరు నాది, ఎదురుగా పావుగంట అని ఉంటుంది.