అత్త గదిలోకి వచ్చిన రిసీవర్

మా నాన్నకు తెలుగు మీద ప్రేమ ఒక ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వచ్చి పలావు తిన్నాక పుట్టింది. అంతకు ముందు రోజు దాకా ఆయన హిందీలో తిట్టేవాడు, బెంగాలీలో బేరమాడేవాడు, ఇంగ్లీషులో సెలవు చీటీ రాసేవాడు. తెలుగు ఆయనకు అన్నం పెట్టమనడానికి, లుంగీ ఎక్కడుందని అడగడానికి మాత్రమే పనికొచ్చేది. అలాంటి మనిషి చేయి కడుక్కుని వచ్చి, పిల్లలకు మన భాష పోతోంది, ఇంట్లో డిష్ పెట్టిస్తానన్నాడు. పిల్లలు అన్నాడు గాని ఉన్నది నేనొక్కదాన్నే. అప్పటికి కాలేజీలో చదువుతున్నాను. పోవలసినదంతా పోయాక ఆయనకు గుర్తొచ్చింది.

అసలు కారణం నాకు తెలుసు. తొంభైల నడుమ సంగతి ఇది. ఖరగ్‌పూర్‌లో మా కాలనీకి కేబుల్ దాదా, అంటే కేబుల్ నడిపే బెంగాలీ అన్న, ఇచ్చే చానెళ్లలో తెలుగు ఒక్కటీ లేదు. రైల్వే వర్క్‌షాపులో నాన్న ఫోర్‌మన్. ఆయన మీదికి ఆంధ్రా నుంచి కొత్తగా బదిలీ అయి ఒక ఆఫీసరు వచ్చాడు. ఆ ఆఫీసరు ఒకరోజు టీ తాగుతూ, ఇక్కడ తెలుగు వార్తలకు మొహం వాచిపోయానని అన్నాడట. ఆయన మొహం వాచినందుకు మా పెరట్లో డిష్ లేచింది.

గోల్‌బజార్ నుంచి ఒక దాదా దాన్ని ముక్కలుగా రిక్షా బండి మీద తెచ్చాడు. బిగించాక పెరడు సగం అదే అయింది. అమ్మ బట్టలారేసే తీగ తీసేయాల్సి వచ్చింది. అమ్మ ఏమీ అనలేదు. అమ్మ ఏమీ అనకపోవడాన్ని మా ఇంట్లో శాంతం అనేవారు. నేను దానికి వేరే పేరు పెట్టుకున్నాను గాని, పైకి అనే ధైర్యం నాకూ లేదు.

రిసీవర్ అనే నల్ల పెట్టె ముందు గదిలో, టీవీ పక్కన కూర్చుంది. దాని మీద కుట్టుపూల గుడ్డ. గుడ్డ తీసే హక్కు నాన్నది. దాని రిమోట్ ఆయన చొక్కా జేబులో పెట్టుకుని డ్యూటీకి పట్టుకుపోయేవాడు. మాకు భాష పోతోందని తెచ్చిన పెట్టె, ఆయన ఇంట్లో లేనంతసేపూ మాతో పలకదు. సాయంత్రం సైరన్ అయ్యాక సైకిల్ దిగి, బూట్లు విప్పకుండానే గుడ్డ తీసి, మీట నొక్కి, మా వైపు తిరిగి చూసేవాడు. హైదరాబాదులో ట్రాఫిక్ జాము అయిందని ఎవరో చదువుతుంటే, అదంతా తానే ఏర్పాటు చేసినట్టు మొహం పెట్టేవాడు. మా వంశంలో మూడు తరాల నుంచి హైదరాబాదు మొహం చూసినవాళ్లు లేరు.

తెలుగు వస్తోందని తెలిసి మా లైనులోని వాళ్లూ, కింది క్వార్టర్ల ఖలాసీల కుటుంబాలూ రావడం మొదలుపెట్టారు. నేల మీద కూర్చుని, ఉడకబెట్టిన వేరుశనగకాయలు ఒలుచుకుంటూ చూసేవారు. వాళ్లు నోరారా మెచ్చుకుంటుంటే నాన్న ఉబ్బిపోయేవాడు. ఒకరోజు ఆఫీసరుగారు కూడా వచ్చారు. సోఫాలో ఆయన పక్కకు ఎవరి పిల్లాడో ఎక్కి, వేరుశనగ చేతులు ఆయన ప్యాంటుకు తుడిచాడు. ఆఫీసరు నవ్వి ఊరుకున్నాడు. నాన్నకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

మర్నాటికి ఆయన ఒక సిద్ధాంతం తయారుచేసుకున్నాడు. ముందు గది రోడ్డు మీదకు ఉంటుంది, అక్కడికి ఎవరైనా పిలవకుండా వచ్చి కూర్చుంటారు. లోపలి గదిలోకైతే పిలిచినవాళ్లే వస్తారు. కాబట్టి రిసీవరూ టీవీ లోపలి గదికి మారాలి. మనుషులను రావద్దని చెప్పడానికి నోరు రాని పెద్దమనిషి, పెట్టెను దాచేయాలనుకున్నాడు.

ఆ లోపలి గది మా అత్తది. నాన్నకు అప్ప. ఆమె భర్త ఇంజన్ మీద ఫైర్‌మన్‌గా ఉండి చిన్న వయసులోనే పోయాడు. ఆమె తమ్ముడి దగ్గరికి వచ్చి, తమ్ముడు ఫోర్‌మన్ అయ్యేదాకా వండిపెట్టి, మిగిలిన వేళల్లో కుట్టుమిషన్ తొక్కింది. ఆ గదికి దక్షిణం వైపు పెద్ద కిటికీ ఉంది. దాని కింద మిషన్. తెలుగువాళ్లూ, సుభాష్‌పల్లి నుంచి వచ్చే, మేం బౌదీలనే బెంగాలీ వదినమ్మలూ పెరటి తలుపు నుంచి లోపలికి వచ్చి జాకెట్ల కొలతలు ఇచ్చేవారు. అత్తకు ఆ ఇంట్లో సొంతమన్నది ఆ కిటికీ, ఆ మిషను. అప్పుడు డిసెంబరు. క్రిస్మస్‌కు జాకెట్లూ గౌన్లూ ఆమె మంచం మీద గుట్టగా పడి ఉన్నాయి. ఏడాది మొత్తానికి ఆమె బతుకు ఆ నెలలోనే ఉండేది.

నాన్న ఆమెను అడగలేదు, చెప్పాడు. వెనక వరండాలో మిషన్ పెట్టుకుంటే గాలి బాగా వస్తుందట. పండుగ వెళ్లేదాకా ఆగమని అత్త అంది. ఆఫీసరుగారు మళ్లీ రావాలనుకుంటున్నారని నాన్న అన్నాడు. అంతటితో మాట అయిపోయింది.

పెట్టెను మార్చే పని ఆయనే చేశాడు. వర్క్‌షాపులో బోగీలు విప్పి బిగించేవాడికి ఇదెంత? ముందు గది వైరును కోసి, ఇంకో ముక్క కలిపి, నల్ల టేపు చుట్టి లోపలికి లాగాడు. టీవీలో బియ్యం పోసినట్టు చుక్కలు వచ్చాయి. డిష్ మీద రెండు దెబ్బలు వేశాడు. చుక్కలు ఇంకొంచెం పెరిగాయి. చివరికి గోల్‌బజార్ దాదాను పిలవక తప్పలేదు. దాదా ఆ టేపు వైపు ఒకసారి చూసి, "హోబే నా", అవదు అన్నాడు. వైరు పొట్టిగా ఉండాలి, అతుకు ఉండకూడదు, పెట్టె కిటికీ పక్కనే ఉండాలి అన్నాడు. రైల్వే క్వార్టరు గోడకు అనుమతి లేకుండా కన్నం పెట్టకూడదు గనక వైరు కిటికీ ఊచల్లోంచే రావాలి. అలా సరిగ్గా మిషన్ ఉండే చోటే రిసీవర్ కూర్చుంది. తెర మీద వెలుతురు పడుతోందని నాన్న కిటికీ రెక్కలు మూయించాడు. ఊళ్లో ఉన్న మంచి వెలుతురంతా వచ్చే కిటికీని, ట్రాఫిక్ జాము చూడడానికి మూసేశారు.

డిసెంబరులో మాకు నాలుగున్నరకే చీకటి మొదలవుతుంది. వెనక వరండాకు రేకుల కప్పు, ఒక్క చిన్న బల్బు. అత్త అక్కడ శాలువా కప్పుకుని కుట్టేది. లోపల టీవీ ముందు కూర్చున్న నాన్నకు టీ కూడా ఆమే పెట్టేది. ఒక బౌదీ వచ్చి తన జాకెట్ మడత విప్పి చూపించింది. ఆకుపచ్చ గుడ్డకు నీలం దారం పడింది. ఆవిడ కోప్పడలేదు. అత్త కుట్టిన జాకెట్ తిరిగి రావడం అంతకు ముందు నేనెప్పుడూ చూడలేదు. ఆమె నేల మీద కూర్చుని ఒక్కొక్క కుట్టే విప్పుతుంటే, లోపల నాన్న వాల్యూం పెంచాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఇప్పటికీ పూర్తిగా ఆరలేదు.

మర్నాడు నాన్న డ్యూటీకి వెళ్లగానే అత్త నన్ను పిలిచి మిషన్‌కు రెండో వైపు పట్టుకోమంది. ఎక్కడికి అని అడిగితే ముందు గదిలోకి అంది. ముందు గదిలో ఖాళీ సోఫా, ఒక క్యాలెండరు, టీవీ తీసిన చోట గోడ మీద నల్లటి మరక తప్ప ఏమీ లేదు. రోడ్డు వైపు కిటికీ దగ్గర మిషన్ పెట్టాం. సోఫా మీద జాకెట్ల గుట్ట. వెలుతురు ధారాళంగా పడుతోంది. అత్త సూదిలో దారం ఎక్కించి, మొదటిసారికే ఎక్కిందని నాకు చూపించింది. అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, ఈసారి కూడా ఏమీ అనలేదు గాని, స్టూలు తెచ్చి పెట్టింది.

ఆ సాయంత్రమే నాన్న ఆఫీసరుగారిని వెంటబెట్టుకుని వచ్చాడు. ముందు తలుపు గడియ పెట్టి ఉంది. తట్టాడు.

"కొలతలు తీస్తన్నానురా. ఆడోళ్లున్నారు. ఎనకనుండి రండి," అని లోపలినుంచి అత్త అంది.

ఆడవాళ్లు కొలతలిస్తున్న గదిలోంచి మగాళ్లు నడిచి వెళ్లడం మా ఇంట్లోనే కాదు, ఆ కాలనీలో ఏ ఇంట్లోనూ జరగదు. కాబట్టి పిలిస్తేనే రావలసిన ఆ గొప్ప గదికి, పిలవబడిన ఒకే ఒక్క మనిషి వెనక సందులోంచి వచ్చాడు. ఆ సందు సఫాయివాళ్లు వచ్చే దారి. ఒక పక్క మురుగు కాలువ, ఇంకో పక్క బొగ్గు బూడిద కుప్పలు. పెరట్లోకి అడుగుపెట్టేసరికి ఆయన ఒక బూటు చీలమండ దాకా నల్లగా ఉంది. బూట్లూ, తడిసిన మేజోడూ పెరట్లో విప్పేసి, అత్త మంచం మీద ఒక కాలికే మేజోడుతో కూర్చుని, మర్యాద కోసం వార్తలు చూసి, సగం టీ వదిలేసి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఆయన వెళ్లాక నాన్న ముందు గదిలోకి వచ్చాడు. అప్పటికి ఆడవాళ్లు వెళ్లిపోయారు.

"ఏటప్పా ఇది? నలుగురూ ఏటనుకుంటారు?"

"ఏటనుకుంటారు? నా గదిలో నువ్వు కూకున్నావు. కాళీగా ఉన్న గదిలో నాను కూకున్నాను."

నాన్న గొంతు తగ్గించి, రేపే టీవీ ముందు గదికి తెచ్చేస్తానని, ఆమె కిటికీ ఆమెకు ఇచ్చేస్తానని అన్నాడు. అత్త మిషన్ మీంచి తల ఎత్తలేదు.

"నాకొద్దు. రోడ్డుమీద పోయేవోళ్లకి ఈ గుమ్మం తెలిసిపోనాది. మిషను మరి జరగదు."

నాన్న గోడ మీద టీవీ మరక వైపు చూశాడు. ఆయన చదువు, ఆయన పదవి, ఆయన తెలుగు భాషాభిమానం, ఏదీ ఆ క్షణాన అక్కరకు రాలేదు. ముందు గదికి రావలసిన వైరును ఆయనే కోసి పెట్టాడు. దాదాను మళ్లీ పిలిచి పెట్టెను వెనక్కి మార్చమనడానికి మొహం చెల్లలేదు.

తరవాత లోపలి గదికి ఎవరూ రాలేదు. ఖలాసీల కుటుంబాలను ఆయన పిలవలేదు, వాళ్లూ రాలేదు. కిటికీ రెక్కలు మూసుకుని, మసక చీకట్లో ఒక్కడే కూర్చుని, ఎప్పుడూ చూడని ఊళ్ల వాన కబుర్లు వినేవాడు. ముందు గదిలో ఆడవాళ్లు అత్తతో ఏటి, ఏటంటూ మా తెలుగులో కబుర్లాడి నవ్వుతూ ఉండేవారు. ఆ గోల వినపడకుండా ఆయన వాల్యూం పెంచేవాడు. మా ఇంట్లో తెలుగు అంతకు ముందెప్పుడూ అంతగా వినపడలేదు. ఆయన మాత్రం చెవికి చేయి అడ్డం పెట్టుకుని పెట్టెలో తెలుగు వినేవాడు.

పండుగకు రెండు రోజుల ముందు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి, నాన్న ముందు వరండా మెట్టు మీద టిఫిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. జేబులో రిమోట్ కొస కనిపిస్తోంది. వెనక సందులోంచి వెళ్లడానికి అభిమానం అడ్డమొచ్చింది. ఎదురింటాయన సైకిల్ ఆపి, ఇక్కడ కూర్చున్నారేమని హిందీలో అడిగాడు. ఆ చలిలో, గాలికి కూర్చున్నానని నాన్న జవాబు చెప్పాడు.

ఎదురింటాయన వెళ్లాక ఆయన తలుపు మెల్లగా తట్టాడు.

"ఇంకో ఇద్దరున్నారురా. ఆగు," అంది అత్త లోపలినుంచి.

ఆగాడు.

నేను ఆయన పక్కనుంచి మెట్లెక్కి, నేనని చెప్పాను. గడియ తీశారు. లోపలికి వెళ్లి, మళ్లీ గడియ నేనే పెట్టాను.